దూడ వెతికిన తొట్టి

అనగనగా ఒక ఊళ్ళో, చుట్టూ గోదారి పారే లంక ఊళ్ళో, సలోమమ్మ అని ఒకావిడ ఉండేది బుజ్జీ. ఆవిడకి ఉన్నదల్లా ఒక పాడిగేదె, దానికో దూడ, తాటిమొద్దు తొలిచి చేసిన ఒక తొట్టి. ఆ తొట్టి వాళ్ళ మామగారి నాటిది. ఎన్ని గేదెలు నాకాయో ఏమో, అంచులు నున్నగా అరిగిపోయాయి.

ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. క్రిస్మస్‌కి చర్చిలో పశువుల పాక కడతారు కదా, దానికి ఇంటికో వస్తువు ఇవ్వాలి. ఒకరు వాసాలు, ఒకరు పచ్చగడ్డి, ఒకరు బాలయేసు బొమ్మకి పట్టుగుడ్డ. సలోమమ్మది తొట్టి. ఆ మాట చెప్పుకుని ఏడాదంతా మురిసిపోయేది. మురవదూ మరి? ప్రభువు పడుకునేది వాళ్ళింటి తొట్టిలోనాయె.

ఆ ఏడు పండగ పదిరోజులుందనగా గేదె చచ్చిపోయింది. దూడ ఒక్కటే మిగిలింది. అది రోజూ తల్లి తిన్న తొట్టి దగ్గరికి వెళ్ళి, ఆ అంచు నాకి నాకి, ఆ తర్వాతే కుడితి తాగేది. సలోమమ్మ చూసింది గానీ పట్టించుకోలేదు. పండగ ముందురోజు పొద్దున్నే తొట్టిని చర్చికి పంపేసింది.

అప్పుడు మొదలైంది తంటా. మధ్యాహ్నం బక్కెట్టులో కుడితి పెడితే దూడ మొహం తిప్పుకుంది. సాయంత్రం మట్టిచట్టిలో పెడితే కాలితో తన్నేసింది. పండగ పొద్దున అరచేతిలో పోసి మూతి దగ్గర పెడితే, తన్నే ఓపిక కూడా లేక కళ్ళు మూసుకుంది.

తొట్టి తెచ్చుకోకపోతే దూడ దక్కదు. తెచ్చుకుందామంటే అందులో బాలయేసు ఉన్నాడు. పండగపూట ఆయన్ని లేపి తొట్టి పట్టుకుపోతారా ఎవరైనా?

ఏడ్చింది. ప్రార్థన చేసుకుంది. ఆ తర్వాత కొత్తచీర కూడా కట్టుకోకుండా, దూడని సగం మోస్తూ సగం నడిపిస్తూ చర్చికి బయల్దేరింది.

చర్చి నిండా జనం. గుమ్మంలోనే సంఘపెద్ద జకరయ్యగారు అడ్డం వచ్చి, ఆరాధనలోకి పశువేమిటమ్మా అని మెల్లగా కసిరారు. కసరరా మరి, ఆ నేలంతా దగ్గరుండి కడిగించింది ఆయనే.

అప్పుడు సలోమమ్మ లోపలున్న పాస్టరుగారి వైపు చూసి, "అయ్యగారూ, తొట్టి ఇమ్మని రాలేదండి. దూడనే తెచ్చానండి. నిన్నట్నించి ఏమీ ముట్టలేదండి, ఒక్కసారి మూతి పెట్టనివ్వండి" అంది.

అయ్యగారు బైబిలు మూసి, రానివ్వమని చెయ్యి ఊపారు.

దూడ తడబడుతూ వెళ్ళింది. ముందు తొట్టి అంచు వాసన చూసింది. ఆ తర్వాత నాకింది. ఆ తర్వాత బాలయేసు పక్కనే మూతి దూర్చి, ఆయన కింద పరిచిన గడ్డి లాక్కుని నమలసాగింది. ఆ నమిలే చప్పుడు చివరి వరసలో వాళ్ళకి కూడా వినబడింది.

అయ్యగారు సలోమమ్మ వైపు తిరిగారు. "ఆకలేసినవాళ్ళు మూతి పెట్టే చోట పడుకోబెట్టారు మన ప్రభువుని. ఇన్నేళ్ళూ చదివాను గానీ, అక్కడే ఎందుకు పడుకోబెట్టారో ఇవాళ తెలిసిందమ్మా" అన్నారు. ఆ రోజు ఇంక ప్రసంగం చెప్పలేదు.

ఒక్కొక్కరే మోకరించారు. జకరయ్యగారు మాత్రం చరచరా బయటికి వెళ్ళిపోయారు. ఆయనకి కోపమొచ్చిందని సలోమమ్మ భయపడింది. కాసేపటికి ఆయన కాలవగట్టు మీద గడ్డి కోసుకుని, కొత్త పంచె ఒడిలో నింపుకుని వచ్చారు. ఆ తడిగడ్డిని బాలయేసు చుట్టూ పరిచి, దూడ పక్కనే ఆయన కూడా మోకాళ్ళ మీద కూర్చున్నారు. పంచెకి మట్టి అంటింది, నేలకీ అంటింది. ఆయన చూసుకోలేదు.

అందుకే బుజ్జీ, ప్రభువు దగ్గరికి ఆకలితో వెళ్ళడానికి సిగ్గుపడకూడదు. ఆయన తొట్టిలో పడుకున్నదే అందుకు.

కథేమో కంచికి,
దూడేమో గాటికి,
నేనేమో ప్రార్థనకి,
నువ్వేమో నిద్రకి.