ఎదుటివారి కంటికి బీమా

దస్తగిరి ముఖం గంటు పెట్టుకొని దర్గాకు వచ్చాడు. వీధులు తిరిగి, ఇళ్ళ ముందరి గడ్డిని యంత్రంతో కోసి బతికేవాడికి ఆనాడు ఒక పెద్ద బడి మైదానం దక్కబోయి ఆగింది. అది దక్కితే ఇక గడప గడపకూ వెళ్ళి పని అడగనవసరం లేదు.

“ఏమబ్బీ, మొగం అట్లుంది?” అని అడిగారు అతని గురువు నూరుల్లా హజ్రత్.

“బడి పెద్ద టీచరమ్మ లైసెన్సు, బీమా రెండూ తెస్తేనే పని ఇస్తుందంట హజ్రత్. లైసెన్సుకు నేనేమన్నా లారీ తోలుతున్నానా? ఇక బీమా! ముప్పై యేళ్ళు నిండలేదు, అప్పుడే నా చావు గురించి అడుగుతుందా? ఈ చెయ్యి ఏనాడైనా తప్పిందా?”

హజ్రత్ వాదించలేదు. దర్గా వెనుక మోకాలెత్తున పెరిగిన గడ్డిని చూపి, కోయమన్నారు.

దస్తగిరి హుషారుగా యంత్రం తాడు లాగాడు. అది రొద పెట్టగానే హజ్రత్ ఒక పీట తెచ్చుకొని, తిరుగుతున్న బ్లేడుకు ఎదురుగా, గడ్డి అంచునే కూర్చున్నారు.

దస్తగిరి చటుక్కున యంత్రం ఆపేశాడు.

“దూరం జరగండి హజ్రత్!”

“ఎందుకు? నీ చెయ్యి తప్పదు కదా?”

“చెయ్యి తప్పదు. గడ్డిలో రాయి ఉంటే చెయ్యేం చేస్తుంది? బ్లేడు తగిలి ఎగిరిందంటే కన్ను పోతుంది.”

“ఎవరి కన్ను?”

“మీదే!”

“మరి ఆ టీచరమ్మ అడిగిన బీమా నీ చావుకా, నా కంటికా?”

దస్తగిరి వంగి, గడ్డిలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేశాడు.

“కన్ను పోయినవాడు ఎవరిని వెతుక్కుంటూ రావాలి?”

“నన్నే.”

“ఎక్కడికి? ‘గడ్డి కోసే దస్తగిరి’ అని ఊళ్ళో ఏ సర్కారు కచేరీలో రాసి ఉంది?”

దస్తగిరి అటునుంచి అటే పురపాలక కార్యాలయానికి నడిచాడు.

“గడ్డి కోతకు కూడా లైసెన్సా? గేదెలు కూడా తీసుకోవాలేమో!” అని గుమాస్తా నవ్వాడు.

“గేదె మేస్తే రాళ్ళు ఎగరవు సార్. నా పేరు రాయండి” అన్నాడు దస్తగిరి.

తన పని వల్ల పరులకు దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే బీమా కూడా తీసుకున్నాడు. టీచరమ్మ రెండు కాగితాలూ చదివి, మైదానం గేటు తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

తొలి కోత ముగిసిన సాయంకాలం దస్తగిరి పరుగున దర్గాకు వచ్చాడు. ఒళ్ళంతా గడ్డి పరకలు.

“హజ్రత్! చుట్టూ తాడు కట్టి, అందరినీ దూరం నిలబెట్టి కోశాను. తాడు విప్పగానే పిల్లలు చెప్పులు వదిలేసి మైదానంలోకి దూకారు!”

“నీ పనితనం మెచ్చుకున్నారా?”

“ఒక్కరైనా నా వంక చూడలేదు హజ్రత్, అందరి కళ్ళూ ఆటమీదే!” అన్నాడు దస్తగిరి, పట్టరాని సంతోషంతో.

హజ్రత్ లేచి, అతని తలమీద చెయ్యి వేశారు.

“గెలిచావు పో!”