పాతచీరలో నల్లమందు

ఒకానొక రాజ్యంలో, ఏ రాజ్యమైతేనేం, ప్రచండవర్మ అనే రాజు ఉండేవాడు. కన్నతల్లి కలిపిన ముద్దయినా సరే, ముగ్గురు రుచి చూస్తేగానీ నోట పెట్టడు. తలగడ కింద కత్తి లేనిదే నడుం వాల్చడు. వాల్చినా కన్ను మూతపడదు.

ఆయనకు ఎనిమిది నెలల కొడుకు. తండ్రి ఎత్తుకుంటే చాలు, గుక్కపట్టి ఏడుస్తాడు. దాది పైడమ్మ ఒడిలో వేస్తే చిటికెలో నిద్రపోతాడు.

రాజుకు అది మింగుడుపడలేదు. “ఇంత నిశ్చింతగా ఎవరైనా నిద్రపోతారా? పాలల్లో నల్లమందు కలుపుతోంది!” అని పైడమ్మను చెరలో వేయించాడు. మర్నాడు అన్నప్రాశన కాగానే ఆమె రెండు చేతులూ నరకమని ఆజ్ఞ ఇచ్చాడు.

ఆస్థాన విదూషకుడు నరసభట్టుకు ఒళ్లు మండిపోయింది. ఈయనకు నిద్ర పట్టకపోతే పైడమ్మ చేతులు పోవాలా? నలుగురినీ నవ్వించి బతికే మనిషి ఆ పూట పళ్లు కొరుకుతూ ఆమె గుడిసెకు వెళ్లాడు.

మర్నాడు సభలో ఆనవాయితీ ప్రకారం బాబు ముందు కత్తి, గంటం, బంగారం, పూలు వరుసగా పెట్టారు. ఏది పట్టుకుంటే ఆ యోగం. నరసభట్టు చంకలోని చిన్న మూట తీసి వరుస చివర పెట్టాడు. అంతకుముందే ద్వారం దగ్గర భటులు దాన్ని మూడుసార్లు విప్పి, దులిపి, వాసన చూసి మరీ వదిలారు.

నిన్నటి నుంచి బాబు ఏడుస్తూనే ఉన్నాడు. ఏడుస్తూనే పాకాడు. కత్తిని దాటాడు, బంగారాన్ని దాటాడు. మూట మీద పడి, అందులో మొహం దూర్చి, వేలు నోట్లో పెట్టుకుని నిద్రపోయాడు.

“ఏమిటా పాతగుడ్డ?” రాజు గర్జించాడు.

“పైడమ్మ చీర, మహారాజా.”

“మందు చల్లి తెచ్చావా?”

“మూడుసార్లు వాసన చూసింది మీ భటులే. వాళ్లలో ఒక్కడైనా తూలుతున్నాడా? పాలివ్వని చీర నల్లమందు ఎలా పెట్టింది ప్రభూ?” నరసభట్టు ఒక అడుగు ముందుకు వేశాడు. “ఆ మనిషి తనను కింద పడెయ్యదని బాబుకు తెలుసు. అదే వాడి మందు. ఎనిమిది నెలల వాడికి తెలిసింది మీకు తెలియలేదని ఆ చేతులు నరుకుతారా?”

రాజు కత్తిపిడి పట్టుకున్నాడు. కొడుకు గుర్రు వినబడింది. మూడుసార్లు వాసన చూసినా తూలకుండా నిటారుగా నిలబడ్డ భటుల వైపు చూశాడు. ఆపుకోలేక ఫక్కున నవ్వాడు.

“గెలిచావోయ్ భట్టూ!” అంటూ మెడలోని ముత్యాలహారం తీశాడు.

“నాకెందుకు? నరకమన్న చేతుల్లోనే పెట్టండి,” అన్నాడు నరసభట్టు. అతని కోపం ఇంకా తగ్గలేదు.

పైడమ్మను తీసుకొచ్చారు. ఆమె హారం వైపు చూడనైనా లేదు. బాబును ఒళ్లోకి తీసుకుని పాయసం గిన్నె అందుకుంది. బాబు కళ్లు తెరిచి, ఆమెను చూసి, నోరు తెరిచాడు.

“నాకూ కాస్త పెట్టమ్మా,” అన్నాడు రాజు.

రుచి చూసే ముగ్గురూ అలవాటుగా ముందుకొచ్చారు. రాజు వాళ్లను పక్కకు నెట్టాడు. పైడమ్మ సంకెళ్లు ఒరుసుకుపోయిన చెయ్యి చాచింది. రాజు తల వంచి నోరు తెరిచాడు.