సింహాసనం ముందు పడుగు

పూర్వం కుందవరం రాజ్యాన్ని గజసింహుడనే రాజు ఏలేవాడు. చెడ్డవాడు కాడు. కానీ తాను ఒకసారి కంటితో చూసిందే నిజమని నమ్మేవాడు.

పట్టణం పెరిగింది. కొత్త అంగళ్లకు చోటు కావాలని వర్తకులు అడిగారు. ఒక మధ్యాహ్నం రాజు ఏనుగెక్కి నేతగాళ్లుండే సాలెవీధి మీదుగా వెళ్లాడు. వీధి పొడుగ్గా, తిన్నగా, ఖాళీగా ఉంది. ఇంత చోటు ఊరికే పడి ఉందే అనుకున్నాడు. అయినా ధర్మం తప్పకూడదు గనుక, అక్కడ అంగళ్లు పెట్టిస్తున్నామని, అభ్యంతరం ఉన్నవారు మర్నాడు పొద్దున్నే సభకు వచ్చి చెప్పుకోవచ్చని చాటింపు వేయించాడు.

సభకు వర్తకులందరూ వచ్చారు. సాలెవీధి నుంచి ఒక్కరూ రాలేదు. రాలేదంటే ఒప్పుకున్నట్టేనని రాజు తీర్మానించాడు. ఇళ్ల నడుమ అంగళ్లు వెలిశాయి.

సాలెవారు తెల్లవారగానే, బట్టకు నిలువు పోగులయ్యే పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి కడతారు. దానికి గంజి పట్టించి, ఇద్దరు చెరోవైపు నిలబడి ఆరేదాకా కుంచెతో దువ్వుతారు. నడుమ వదిలి వెళితే పోగులన్నీ అతుక్కుపోతాయి. అలా కట్టిన పడుగును ఎవరూ దాటకూడదని అక్కడి కట్టుబాటు.

అంగళ్లకు సరుకు తెచ్చే బండ్లవాళ్లకు ఆ కట్టుబాటు తెలియదు. ఒక ఉదయం మిరియాల బండి ఒకటి లక్కన్న అనే ముసలి సాలె కట్టిన పడుగును తెంపుకుంటూ పోయింది. అతను దారిలోనే కూర్చుని తెగిన పోగులు ముడివేస్తున్నాడు. వెనక వచ్చిన బండి ఎద్దులు బెదిరి అతన్ని తొక్కాయి. లక్కన్న మంచం పట్టి, మళ్లీ లేవలేదు. భార్య నీలవ్వ ఒంటరిదైంది. మిగిలినవాళ్లు మగ్గాలు విప్పుకుని పొరుగు రాజ్యానికి పోవడానికి సిద్ధమయ్యారు.

రాజు కొలువులో తిప్పన అనే చమత్కారి ఉన్నాడు. ఆ కబురు విని సాలెవీధికి వెళ్లి, ఒక్క పని చేసిపెట్టేదాకా ఆగమని వాళ్లను బతిమాలాడు. తర్వాత రాజు దగ్గరికి వెళ్లాడు. ఏలినవారి పుట్టినరోజు వస్త్రానికి పడుగు కట్టాలి, వీధిలో చోటు లేదు, ఏం చేయమంటారని అడిగాడు.

రాజు చదరంగం మీంచి తలెత్తలేదు. "తిన్నని చోటు ఎక్కడుంటే అక్కడ కట్టుకోమను. అది కూడా నన్నడగాలా?"

మర్నాడు రాజు కొలువుదీరగానే సాలెవారు వచ్చి, సింహాసనం మెట్ల దగ్గర నుంచి గుమ్మం దాకా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పడుగులు కట్టి గంజి పట్టించారు. రాజు వేడుకగా చూశాడు. భోజనం వేళయింది. లేచాడు. దిగడానికి అడుగు మోపే చోటు లేదు.

"ఏమయ్యా తిప్పనా, నేను కిందికి ఎలా రావాలి?"

"ఆరేదాకా కదలకూడదు ప్రభూ. దాటితే మీ వస్త్రమే పాడవుతుంది."

"అవతల ఆకలి దంచేస్తోందయ్యా. ఇదేం నిర్బంధం?"

"చాటింపులో రమ్మన్న పొద్దున వీళ్లూ ఇలాగే చిక్కుకున్నారు ప్రభూ. అందుకే సభకు రాలేకపోయారు. వాళ్లు ఒప్పుకున్నారని మీరు అనుకున్నారు."

రాజు పకపకా నవ్వాడు. అంగళ్లను ఏటి ఒడ్డు బయలుకు మార్చమన్నాడు. చేతి కంకణం తీసి, పడుగుల మీదుగా తిప్పనకు విసిరాడు. సభంతా నవ్వింది.

సాలెవారితో పాటు పడుగు దువ్వుతున్న నీలవ్వ నవ్వలేదు. కుంచె ఆపకుండానే అంది: "మా ముసలాయన్ని బండి ఎద్దులు తొక్కకముందే ఈ నవ్వు నవ్వి ఉంటే బాగుండేది దొరా."

రాజు నవ్వు ఆగిపోయింది. పడుగు ఆరేదాకా సింహాసనం మీద తలవంచుకుని కూర్చున్నాడు.

ప్రజలను అడిగామని చెప్పుకోవడం తేలిక. వాళ్లు రాగలిగిన వేళ అడగడమే న్యాయం. గజసింహుడు ఆ తర్వాత అలాగే అడిగాడని చెబుతారు.

బండ్లు పోయాయి. సాలెవీధి మళ్లీ తిన్నగా, ఖాళీగా మిగిలింది. తెల్లవారగానే అన్ని ఇళ్లవాళ్లూ పడుగులు కట్టారు. నీలవ్వ మాత్రం కట్టలేదు. దువ్వడానికి ఇద్దరు కావాలి. లక్కన్న కుంచె చూరులోనే ఉండిపోయింది.