లంకల తరఫు తాంబూలం

ఒకానొక రాజ్యంలో ప్రతాపశేఖరుడని ఓ రాజు. ఆయన కొలువులో ఏ నిర్ణయం చేసినా తాంబూలం పళ్ళెం తిరిగేది. సీమకొకరుగా కూర్చున్న ప్రతినిధులు ఆకుచిలక నోట్లో వేసుకుంటే చాలు, ఆ సీమ జనమంతా ఒప్పుకున్నట్టే.

ఏటి నడుమ లంకల తరఫున కూర్చునేవాడు విస్సన్న. మంచి మాటకారి. లంకలు మాత్రం ఇంకా చూడలేదు. పడవెక్కితే కళ్ళు తిరుగుతాయి మరి.

ఒకనాడు నూకాలు అనే లంక మనిషి ఏరు ఈది కొలువుకొచ్చింది.

"మారాజా, మా రేవు పడవ తీయించేశారు. నా కూతురికి నెలలు నిండాయి. మంత్రసాని ఈ ఒడ్డున ఉంది."

రాజు మీసం సవరించుకున్నాడు. "మీ ప్రతినిధి ఒప్పుకున్నాడు. ఇక నీతో మాటేమిటి?"

"ఎవరు బాబూ మా మనిషి?" అని ఆవిడ వరసగా మొహాలు చూసింది. చూపు విస్సన్న మీద ఆగనైనా లేదు.

విస్సన్నకు ఆనాటి తాంబూలం గుర్తొచ్చింది. ఏలక్కాయ ఘుమఘుమలాడుతోందని రెండో చిలక అడిగి మరీ నమిలాడు. ఏ నిర్ణయానికో విననే లేదు. "నేనే" అనకుండానే తల దించుకుని వంటశాలకేసి నడిచాడు.

రాజు భోజనానికి వచ్చేసరికి ఆయన పీట మీద విస్సన్న చేతులు నాక్కుంటున్నాడు. విస్తరి ఖాళీ.

"ఏమిటిది?"

"ఏలినవారి తరఫున భోంచేశాను. గుత్తొంకాయ తమకు బాగా నచ్చింది."

"నా ఆకలో?"

"ఏలినవారి ప్రతినిధి కడుపారా తిన్నాడు. ఇక ఏలినవారికి ఆకలేమిటి?"

"నిన్నెవడు నియమించాడురా?"

"లంకలకు నియమించినవారే, ప్రభూ."

దానికి రాజుగారి కడుపే గుర్రుమని బదులిచ్చింది. అది విని ఆయనకే నవ్వొచ్చింది. పకపకా నవ్వి పడవ వెంటనే వేయించమన్నాడు. మెడలో హారం తీసి విస్సన్నకు వేశాడు. "ఇంకేం కావాలి?"

"కొలువులో నా పీట మీద ఎవరుండాలో లంకల వాళ్ళనే అడిగించండి. నన్ను మాత్రం వద్దంటారు. ఆ మాట వాళ్ళ నోటే వింటాను."

"అలాగే" అన్నాడు రాజు, వడ్డించమని సైగ చేస్తూ.

ఆ సాయంత్రమే పడవలో మంత్రసాని, నూకాలు, ఓ మూల కళ్ళు మూసుకుని విస్సన్న. హారం మూటలో దాచేశాడు.

"ఎవరి తాలూకు బాబూ?" అంది నూకాలు.

"నేనేనమ్మా, మీ మనిషిని. రేవు పడవ తీసేయడానికి ఒప్పుకున్నది నేనే."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తెడ్డు తీసి అతని చేతిలో పెట్టింది.

"కళ్ళు తెరువు" అంది.