చెయ్యిపట్టు తల్లి

పూర్వం సముద్రతీరాన చవుటిదిబ్బ అనే గ్రామంలో, ఉప్పుమళ్ళు కట్టుకొని జీవించే జనుల మధ్య, అంకాలు అనే వృద్ధురాలు ఉండేది. పొయ్యిమీద ఏ కుండ ఎక్కించినా ఆమె కుడిచెయ్యి దానంతటదే ఉప్పుజాడీలోకి పోయేదట. ముసలిది ఉప్పుచేత్తోనే పుట్టిందని ఊరు మేలమాడేది.

ఒకానొక సంవత్సరం మహోగ్రమైన ఉప్పెన విరుచుకుపడి, పొలాలన్నిటినీ చవుడుచేసి, అంకాలు కొడుకునూ కోడలినీ పొట్టన పెట్టుకుంది. మిగిలింది నాలుగేళ్ళ మనుమరాలు వెంగమ్మ ఒక్కతే. గింజలు నిండుకొని జనం మూటాముల్లె సర్దుకొని వలసపోతుండగా, ఆకలికి నీరసించి అడుగు వేయలేని ఆ పసిదాన్ని మోసుకుపోయే ఓపిక లేక, ముసలిది గట్టుమీది అమ్మవారి రాతిముందు కూలబడింది.

"ఇన్నేళ్ళూ నా చేతికూడు తిన్నావు గదమ్మా, ఇప్పుడు నా బిడ్డకేం పెట్టమంటావో నువ్వే చెప్పు!" అని నిలదీసింది.

మరునాడు ఉదయానికి, గడ్డిపరకైనా మొలవని ఆ చవుటినేలలో, రాతిచుట్టూ ఎర్రని కాడలతో, కండగల సన్నని ఆకులతో ఇలకూర మొలిచి ఉంది. అంకాలు పరమానందంతో కోసుకొచ్చి, ఉడికించి, ఎప్పటిలాగే గుప్పెడు ఉప్పు వేసింది. పిల్ల ఒక్క ముద్ద నోట పెట్టుకొని ఉమ్మేసి ఏడ్చింది. ముసలిది మిగిలిన ఆకును మళ్ళీ పొయ్యిమీద పెట్టింది. చెయ్యి మళ్ళీ జాడీవైపే సాగింది.

అంతలో చల్లని తడిచెయ్యి ఒకటి ఆమె మణికట్టును పట్టుకొంది. పక్కన ఎర్రకోక కట్టిన స్త్రీ కూర్చుని ఉంది.

"ఉప్పు నేను వేసే పంపానే పిచ్చిదానా, మళ్ళీ నువ్వెందుకే? ఉడికిన నీళ్ళు వంచేసి చప్పగా పెట్టు."

అలా పెట్టిన కూరను వెంగమ్మ కుండ అడుగు నాకేదాకా తిన్నది. అంకాలు తలెత్తేసరికి ఎవరూ లేరు, మణికట్టుమీద తడి తప్ప. ముసలిది బోరున ఏడ్చి, పొలిమేర దాటుతున్నవారిని కేకవేసి వెనక్కి పిలిచింది. ఆ కూరతోనే ఊరు కరువు గట్టెక్కింది. ఆ అమ్మవారికి చెయ్యిపట్టు తల్లి అనే నామం స్థిరపడింది.

ఎండలకు మాడిపోయిన ఇలకూర నేటికీ తొలకరితో ఆ రాతిచుట్టూ తిరిగి మొలుస్తుంది. జాతరనాడు నైవేద్యం వండే ముసలమ్మ కుడిచేతిని, కుండ దించేదాకా, ఆమె మనుమరాలు పట్టుకొని కూర్చోవడం అక్కడి ఆచారం. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆ చెయ్యి ఏదో ఒక క్షణాన జాడీవైపు కదలక మానదు.

"అమ్మ వేసిందిలే, నాయనమ్మా!" అంటూ పిల్ల మరింత గట్టిగా పట్టుకొంటుంది.