పెంకమ్మ మొగ: అడిగి దాటే గుమ్మం

పెంకమ్మ గుడికి తలుపులు లేవు. అయినా ఎవరూ నేరుగా లోపలికి వెళ్లరు. గుమ్మం ముందు ఆగి "అమ్మా, రావచ్చా?" అని అడగాలి. లోపల ఉన్నవారెవరైనా సరే "రా" అనాలి. అప్పుడే అడుగు పెట్టాలి. ఏరు సముద్రంలో కలిసే ఈ చోటును ఇక్కడివారు మొగ అంటారు. మొగలోకి వచ్చే పడవ కూడా ఇలాగే ఆగి అడుగుతుంది.

గర్భగుడిలో విగ్రహం లేదు. అరచేయంత ఎర్రమట్టి కుండపెంకు ఉంది. దానికి రెండువైపులా గీతలున్నాయి. ఆ పెంకే అమ్మవారు.

పూర్వం, శాతవాహనుల ఏలుబడిలో, ఇక్కడ పెద్ద రేవు ఉండేది. యవనులు, అంటే గ్రీకులు, మిరియాలకూ నూలుబట్టలకూ ఓడలేసుకుని వచ్చేవారు. కొందరు ఇక్కడే ఉండిపోయారు. వారిలో ఫిలిన్న అనే వితంతువు ఒకతె. ఊరివారి నోట ఆమె పిలినమ్మ అయింది. ఆమె కొడుకు దామోను ఓడలకు దారి చూపేవాడు.

దామోనుకు రాతంటే గురి. మొగలో గుండు కట్టిన తాడు దింపి, లోతు కొలిచి, కుండపెంకు మీద గీసుకునేవాడు. ఒక ఏడు ఆషాఢంలో ఏరు పొంగి ఇసుకమేట పక్కకు జరిగింది. చేపలు పట్టేవారికి ఆ సంగతి తెలుసు. దామోను వారిని అడగలేదు. పెంకు చూసుకుని ఓడను లోపలికి తిప్పాడు. ఓడ మేటకు తగిలి రెండుగా చీలింది. పదకొండుమంది మునిగిపోయారు. వారిలో ఓడల సంఘం పెద్ద నాగబోధికి ఒక్కగానొక్క కొడుకూ ఉన్నాడు. ప్రాణాలతో ఒడ్డుకు కొట్టుకొచ్చినది దామోను ఒక్కడే.

మూడోనాటి ఉదయం ఊరివారు అతణ్ని చేతులు కట్టి ఇసుకలో కూర్చోబెట్టారు. తెడ్డు లేని దోనెలో పడేసి, నీళ్లు వెనక్కి తీసేవేళ మొగలోకి వదలాలని నిశ్చయించారు. సముద్రం పొరపాటున వదిలిన ప్రాణాన్ని సముద్రానికే ఇచ్చెయ్యాలన్నారు. రేవుగుంజ మీద మూడు గాట్లుండేవి. నీళ్లు మూడో గాటు దాకా ఎక్కి, అక్కణ్నుంచి తిరిగేవి. అప్పటికి ఒక గాటు మునిగింది.

పిలినమ్మ పరుగున వచ్చింది. కొడుకు వంక చూడలేదు. చూస్తే నోట మాట రాదని ఆమెకు తెలుసు.

"తప్పు వాడిదే" అంది.

జనం బిత్తరపోయారు. కాళ్ల మీద పడుతుందనుకున్నారు.

"మరింకేం? పక్కకు తప్పుకో" అన్నాడు నాగబోధి.

"తప్పుకుంటాను బోధన్నా. మా వాళ్లు ఇలాంటి పనే చేసి ఏమైపోయారో చెప్పి తప్పుకుంటాను."

"మొదలెట్టింది!" అని ఒక ముసలమ్మ కసిరింది. "ముప్పై ఏళ్లుగా వింటున్నాం. పాలరాతి గుళ్లట, నాలుగేళ్లకోసారి ఆటలట!"

పిలినమ్మ ఆగలేదు. తమవారికి మొదట కోటల రాజులుండేవారని చెప్పింది. చచ్చినవారి ముఖాలకు బంగారు తొడుగులు వేసి పాతిపెట్టేంత సిరి. కోటలు కాలిపోయాయి. వాటితో రాత కూడా పోయింది. వందల ఏళ్లపాటు తన పేరు తాను రాసుకోగలిగిన మనిషి లేడు. చివరకు ఓడవర్తకులను అడిగి అక్షరాలు మళ్లీ తెచ్చుకున్నారు. ఆ తర్వాతే ఊళ్లు లేచాయి. కొండవాలున వేల మంది కూర్చుని నాటకాలు చూశారు. ఆటల వేళ కత్తులు కింద పెట్టారు. చుక్కలు ఎందుకు కదులుతాయని అడిగారు. రాజు లేకుండా, జనమే కూర్చుని తీర్పు చెప్పుకున్నారు.

రెండో గాటు మునిగింది.

"ఆ జనమే ఒకనాడు సముద్రం మీద యుద్ధం గెలిచారు" అంది పిలినమ్మ. "గాలివాన వచ్చింది. మునిగినవాళ్లను పైకి తీయలేకపోయారు. ఇళ్లలో ఏడుపులు. ఆ ఏడుపుల మధ్యనే తీర్పు చెప్పి, ఓడలు నడిపిన సేనానులను చంపేశారు. ఆ తర్వాత చాలా ఏడ్చారు. ఏడాది తిరిగేసరికి ఓడలన్నీ పోయాయి. మరుసటి ఏటికి ఊరే లొంగిపోయింది. తర్వాత ఉత్తరాది కుర్రరాజొకడు వచ్చి అందర్నీ ఏలాడు. సింధు దాకా మమ్మల్ని చెదరగొట్టాడు. చెదిరి చెదిరి ఇక్కడ పడ్డాం."

నాగబోధి గుంజ వంక చూశాడు.

ఆమె గొంతు తగ్గించింది. అదే ఊళ్లో ఇంకో పద్ధతి కూడా ఉండేదని చెప్పింది. ఊరికి బరువైన మనిషి పేరు పెంకు మీద గీసి వేస్తారు. అతను పదేళ్లు ఊరు విడిచి పోవాలి. ఇల్లు అలాగే ఉంచుతారు. తిరిగొచ్చాక ఎవరూ మాట అనరాదు.

"సగానికి మించి పెంకులు పడకపోతే?" అన్నాడు నాగబోధి.

"అప్పుడు నీ మాటే."

"వదిలెయ్యమ్మా" అన్నాడు దామోను. మూడు రోజుల్లో అతను నోరు విప్పడం అదే మొదలు. "నన్ను వాళ్ల దగ్గరికే పోనీ."

ఆమె వెనక్కి తిరగలేదు. తడి ఇసుకలో తెరచాపలాంటి ముక్కోణం గీసి చూపింది. దామోను పేరులో తొలి అక్షరం అది. పంపేయాలనుకున్నవారు ఆ గీత గీయాలి. సముద్రానికి ఇవ్వాలనుకున్నవారు వట్టి పెంకు వేయాలి. నలభైయొక్క ఇళ్లు, ఇంటికొక పెంకు. పిలినమ్మ ఇంటిది కూడా అందులోనే.

బుట్ట నిండింది. నాగబోధి ఒక్కొక్కటే తీసి ఇసుకలో పరిచాడు. ముక్కోణాలు ఇరవై. వట్టివి ఇరవై. నీళ్లు మూడో గాటును తాకాయి.

ఆఖరి పెంకు మీద ముక్కోణం ఒక్కటే లేదు. పేరు మొత్తం ఉంది. ఆ అక్షరాలు రాయగలిగిన చెయ్యి ఆ ఒడ్డున ఇంకొకటి లేదు.

"నువ్వా అమ్మా?" అన్నాడు దామోను.

ఆ పూటే అతను ఓడ ఎక్కాడు.

ఆ ఆఖరి పెంకును నాగబోధి తన ఇంటి గూట్లో పెట్టుకున్నాడు. వెనకవైపూ గీతలుండటం తర్వాత చూశాడు. "ఇదేమిటి?" అని అడిగితే, "చదవాల్సినవాడు వస్తాడు అన్నా" అందట పిలినమ్మ. ఆనాటి నుంచి ఆమె రోజూ చేపలు పట్టేవారిని అడిగి, ఇసుక ఎటు జరిగితే అటు లోతు వెంట గుంజలు పాతించేది. తొమ్మిదో వానాకాలంలో కన్నుమూసింది. ఊరివారు ఆ పని మానలేదు.

పదేళ్లు నిండిన వారానికి ఒక ఓడ మొగ బయట ఆగింది. పోటు వచ్చి వెళ్లింది. ఓడ కదలలేదు. చిన్న పడవలో గడ్డం నెరిసిన మనిషి ఒకడు కేక వినిపించేంత దూరం వచ్చి ఆగాడు.

"ఇసుక ఎక్కడుందయ్యా? రావచ్చా?"

గొంతు అందరూ గుర్తుపట్టారు. అందరి చూపూ నాగబోధి మీదే. అతను మొలలోతు నీళ్లలోకి నడిచాడు.

"రా నాయనా" అన్నాడు. "గుంజలు చూసుకుంటూ రా. మీ అమ్మ పెట్టించిన దారే."

ఒడ్డుకు చేరాక నాగబోధి పెంకు తెచ్చి అతని చేతికిచ్చాడు. దామోను వెనక్కి తిప్పి చదివాడు. దాని మీద ఉన్నది రెండే మాటలు: అడిగి రా.

పెంకు దాచిన నాగబోధి ఇంటి చోటనే ఈ గుడి వెలిసింది. ఇంట్లోంచి వెళ్లిపోయినవారి కోసం తల్లులు ఇక్కడ పెంకు వేస్తారు. ఒకవైపు బిడ్డ పేరు, రెండోవైపు "రా". అమ్మ దయవల్ల వారు క్షేమంగా తిరిగి వస్తారని నమ్మకం.

లోపల ఎవరూ కనిపించకపోయినా అడగకుండా వెళ్లకండి. ఒడ్డున వలలు బాగుచేసుకునేవారు వింటూనే ఉంటారు. పలుకుతారు.