పులుసులో బెల్లం

కలువకొండ రాజు వీరభూపతికి భోజనం మధ్యలో ఓ ఆలోచన పుట్టింది. "బాటసారుల సత్రాన్ని ఇకమీదట ఊరివాళ్లే నడపాలి. పౌర్ణమికల్లా సత్రం కొట్టు సరుకులతో నిండకపోతే మూసేయండి" అన్నాడు. రాజులకేం, తిని చేయి కడుక్కుంటే సరి. సత్రంలో వండిపెట్టే వెంగమ్మ గుండెల్లోనే రాయి పడింది.

మంత్రి సోమనప్రగడ దండోరా వేయించాడు. "దానం చేయండి, పుణ్యం వస్తుంది!" డప్పు వినగానే వీధులన్నీ తలుపులు వేసుకున్నాయి.

"ఎంగిలిచేత్తో కాకిని తోలని జనం ప్రభూ. మూసేద్దాం" అన్నాడు మంత్రి. ఆ స్థలంలో తన గుర్రాలకు ఇంకో సాల కట్టుకోవాలని ఆయనకు ఎప్పటినుంచో ఆశ.

విదూషకుడు గవరయ్య లేచాడు. "నేను నింపుతాను ప్రభూ. ఎవర్నీ గింజ కూడా అడగను."

"మరేం అడుగుతావు?"

"సలహా."

సభంతా నవ్వింది. మంత్రి కాస్త ఎక్కువే నవ్వాడు.

గవరయ్య ఇల్లిల్లూ తిరిగాడు. "అమ్మా, సత్రంలో పులుసు కాయాలి. బెల్లం వేయమంటారా, వద్దంటారా?"

"బెల్లం లేని పులుసు మనుషులు తింటారా?" అంది రత్తమ్మ.

"బెల్లం వేస్తే అది పులుసా, పాయసమా?" అంది పక్కింటి పేరిందేవి.

గవరయ్య ఇద్దరికీ తలూపాడు. "మాటల్లో నాకు అంతుపట్టట్లేదు తల్లీ. వచ్చి కాచి చూపిద్దురూ."

ఇంకేముంది, సత్రం ముందు బండ్లు బారులు తీరాయి. ఒకరు బెల్లం దిమ్మలు దించితే, ఇంకొకరు చింతపండు బుట్టలు దించారు. అన్నం లేకుండా రుచెలా తెలుస్తుందని బియ్యం బస్తాలొచ్చాయి. ఎదుటివాళ్ల పులుసుకు పేరొస్తుందన్న భయంతో రోజూ ఇరుపక్షాలూ మళ్లీ మళ్లీ తెచ్చాయి.

పౌర్ణమినాడు రాజు వచ్చేసరికి కొట్టు తలుపు మూతపడటం లేదు.

"బెల్లం కోసం ఇంత గొడవా? వెర్రి జనం" అని మంత్రి మూతి విరిచాడు.

"ఇంతకీ తమరేమంటారు, వేయాలా?" అన్నాడు గవరయ్య వినయంగా.

"ఛీ, వేయకూడదు. అసలు చింతపండు మా తోటదైతేనే పులుసు. ఒరేయ్, రెండు బస్తాలు పట్రండ్రా."

రాజుకు చిర్రెత్తింది. "బెల్లం లేకుండానా? నీకేం తెలుసయ్యా? మా కోట బెల్లం బండెడు తోలించండి."

వెంగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పటికి గానీ రాజుకు తానేం చేశాడో తెలియలేదు.

"సరే గవరయ్యా, చివరికి ఎవరి మాట నెగ్గినట్టు?"

"అది తేలిందంటే సత్రం మూసుకోవాల్సిందే ప్రభూ."

రాజు పగలబడి నవ్వి, చేతి కంకణం తీసి గవరయ్యకు తొడిగాడు. రెండో కొట్టు మంత్రిగారి గుర్రాల సాలలో పెట్టమన్నాడు.